పైలట్ కావాలనుందా..? ముందు మెడికల్, తర్వాతే ఫీజు.. పాత జబ్బు దాచితే ఏమవుతుందో తెలుసుకోండి

ఇంటర్ ఎంపీసీ అయిపోతుంది. ఫోన్ తెరిస్తే చాలు.. పైలట్ ట్రైనింగ్ ప్రకటనలే. ఎకరం అమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో తల్లిదండ్రులు డబ్బు సర్దుతారు. అడ్మిషన్ కూడా అయిపోతుంది. తీరా మెడికల్‌కు వెళ్లాక "అన్‌ఫిట్" అని కాగితం చేతిలో పెడితే..? కట్టిన ఫీజు వెనక్కి రాదు, అమ్మిన భూమి తిరిగి రాదు.

ఆ భయంతోనే చాలామంది రెండో తప్పు చేస్తారు. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చిందనో, టీబీకి మందులు వాడామనో ఫారంలో రాస్తే సీటు పోతుందని "ఏమీ లేదు" అని టిక్ పెట్టేస్తారు. నిజానికి రాస్తే పోని కెరీర్, దాచడం వల్లే పోయే ప్రమాదం ఉంది. అసలు కమర్షియల్ పైలట్ మెడికల్‌లో ఏం చూస్తారు? ఏ జబ్బు ఉంటే ఫిట్, ఏది ఉంటే అన్‌ఫిట్? దాచితే ఏం జరుగుతుంది? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి ఈ దారిలో వెళ్లాలనుకునే పిల్లలు, తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవే..

ఇప్పుడు ఈ చర్చ ఎందుకంటే..

వరంగల్ మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం 1981 తర్వాత మూతపడింది. దాన్ని మళ్లీ తెరిచేందుకు కేంద్ర పౌర విమానయాన శాఖ 2025 ఫిబ్రవరి 28న పచ్చజెండా ఊపింది. అప్పటి నుంచి ఉమ్మడి వరంగల్ జిల్లాలో విమానం మాట ఇంటింటికీ చేరింది. హైదరాబాద్ బేగంపేటలో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఎలాగూ ఉంది. జనగామ నుంచి అక్కడికి వంద కిలోమీటర్ల లోపే.

కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు విమానం నడిపిన అనుభవం ఉండాలి. ఈ గంటల కోసమే లక్షలకు లక్షలు ఖర్చవుతాయి. కానీ అన్నిటికన్నా ముందు దాటాల్సిన గేటు మాత్రం మెడికల్. మిగతా వాటితో పోలిస్తే దీనికయ్యే ఖర్చు చాలా తక్కువ. అయినా చాలామంది దీన్ని చివరికి పెట్టుకుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతోంది.

మూడు జిల్లాల్లో "అన్‌ఫిట్" మాటకు మూడు అర్థాలు

2016 అక్టోబర్ 11న ఏర్పడిన ఈ మూడు జిల్లాలకూ "మెడికల్" అనే మాట కొత్త కాదు.

భూపాలపల్లి సంగతే చూద్దాం. అక్కడ సింగరేణి కేటీకే గనులున్నాయి. కార్మికుడు చేరేటప్పుడు ఓసారి, ఆ తర్వాత నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్ష జరుగుతుంది. కార్మికుడు మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయితే అర్హత ఉన్న వారసుడికి కారుణ్య నియామకం కింద ఉద్యోగం దొరికే వీలుంది. అంటే అక్కడ తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి దారి తెరుచుకుంటుంది.

ఇక మహబూబాబాద్, డోర్నకల్, జనగామ అంటే రైలు మార్గం మీది ఊళ్లు. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి ప్రిపేరయ్యే కుర్రాళ్లు ఊరికి నలుగురైనా కనిపిస్తారు. ఆ ఉద్యోగానికి రైల్వేలో అన్నిటికన్నా కఠినమైన ఏ-1 మెడికల్ ఉంటుంది. కళ్లజోడు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాల్సిందే. లేసిక్ ఆపరేషన్ చేయించుకున్నా పనికిరారు.

విమానం పైలట్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. అన్‌ఫిట్ అయితే వారసుడికి ఏమీ రాదు. అప్పు మాత్రం ఇంటి మీద మిగులుతుంది. అలాగని రైల్వేలో ఉన్నట్టు కళ్లజోడు ఉంటే గేటు మూసేయరు కూడా. ఒకదాని రూల్ ఇంకోదానికి అంటగట్టుకోవడం వల్లే దాచాల్సిన అవసరం లేనివి కూడా దాచేస్తున్నారు.

కళ్లజోడు ఉంటే పోయినట్టేనా..?

కాదు. పైలట్ల వైద్య ప్రమాణాలకు ఆధారం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రూపొందించిన అనెక్స్-1. మన దేశంలో డీజీసీఏ నిబంధనలకూ అదే మూలం. దాని ప్రకారం కమర్షియల్ పైలట్‌కు ఒక్కో కంటికి విడివిడిగా 6/9, రెండు కళ్లూ కలిపి 6/6 చూపు ఉంటే చాలు. ఇది కళ్లజోడు పెట్టుకుని చూసినా సరే. కాకపోతే డ్యూటీలో కళ్లజోడు పెట్టుకోవాలి, ఇంకో జత దగ్గర ఉంచుకోవాలి. సైటు మరీ ఎక్కువగా ఉంటే కంటి డాక్టర్ పూర్తి రిపోర్టు అడుగుతారు.

లేసిక్ చేయించుకున్నవారికీ దారి ఉంది. ఆపరేషన్ తర్వాత తగినంత కాలం గడవాలి, చూపు నిలకడగా ఉండాలి, ఆపరేషన్‌కు ముందు సైటు ఎంతో చెప్పే కాగితాలు ఉండాలి. ఆ కాగితాలు పారేసి "నాకు పుట్టుకతోనే చూపు బాగుంది" అంటే మాత్రం కుదరదు. కంటి స్పెషలిస్టు పరీక్షలో కార్నియా మీద చేసిన సర్జరీ బయటపడుతుంది.

రంగుల గుర్తింపు మాత్రం సీరియస్ విషయమే. చుక్కల బొమ్మల్లో అంకెలు చదివించే ఇషిహారా పరీక్ష ముందు పెడతారు. అందులో తడబడితే లాంతరు పరీక్ష లాంటివి ఉంటాయి. రన్‌వే లైట్లు, సిగ్నళ్లు, కాక్‌పిట్ హెచ్చరికలు అన్నీ రంగుల్లోనే ఉంటాయి కాబట్టి ఇక్కడ రాజీ ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని లోపం ఎక్కువగా తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది. మేనమామకో, తాతకో ఆ లోపం ఉందని తెలిస్తే ఫీజు కట్టే ముందే ఈ పరీక్ష చేయించుకోవడం మంచిది. పది నిమిషాల్లో తేలిపోతుంది.

క్లాస్-2, క్లాస్-1.. ఏంటి తేడా?

పైలట్ మెడికల్ రెండు మెట్లలో జరుగుతుంది.

మొదటిది క్లాస్-2. స్టూడెంట్ పైలట్‌కు ఇది కావాలి. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి. ఎంబీబీఎస్ డాక్టర్ ఎవరైనా సంతకం పెడితే చెల్లదు. డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలో ముందు పేరు నమోదు చేసుకోవాలి. అందులోనే డాక్టర్ల జాబితా చూసుకుని అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. డాక్టర్ రిపోర్టు డీజీసీఏకు వెళ్తుంది. చివరి నిర్ణయం డీజీసీఏదే.

రెండోది క్లాస్-1. కమర్షియల్ లైసెన్స్‌కు ఇది తప్పనిసరి. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్, ఢిల్లీలోని ఎయిర్‌ఫోర్స్ సెంట్రల్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఇందుకు పేరున్న కేంద్రాలు. వాయుసేన కేంద్రాలతో పాటు డీజీసీఏ అనుమతి ఉన్న ఇతర కేంద్రాలూ ఉన్నాయి. ఆ జాబితా మారుతూ ఉంటుంది కాబట్టి డీజీసీఏ సైట్‌లో చూసుకున్నాకే టికెట్ బుక్ చేసుకోవాలి.

ఇక్కడ ముఖ్యమైన మాట ఒకటి. క్లాస్-2 ఫిట్ వచ్చినంత మాత్రాన క్లాస్-1 వస్తుందన్న గ్యారంటీ లేదు. రెండోదాంట్లో పరీక్షలు లోతుగా ఉంటాయి. కాబట్టి క్లాస్-2తో సంబరపడి మొత్తం ఫీజు కట్టేయడం కన్నా, క్లాస్-1 కూడా చేతికొచ్చాక పెద్ద మొత్తాలు కట్టడం క్షేమం.

పైగా ఇది ఒకసారితో అయిపోయే పరీక్ష కాదు. ఎయిర్‌లైన్ పైలట్‌కు క్లాస్-1 మామూలుగా 12 నెలలకోసారి, 60 ఏళ్లు దాటితే 6 నెలలకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఎయిర్‌లైన్స్‌లో 65 ఏళ్ల వరకు ఎగరొచ్చు. అంటే 20 ఏళ్లకు చేరిన కుర్రాడు కెరీర్ మొత్తంలో నలభైసార్లకు పైగా డాక్టర్ల ముందు నిలబడాలి. ఈ రోజు చెప్పిన అబద్ధాన్ని అన్నిసార్లూ కాపాడుకుంటూ రావాలి.

ఏయే పరీక్షలు చేస్తారు?

ఎత్తు, బరువు, బీపీ, నాడి. రక్తంలో హిమోగ్లోబిన్, షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీ, లివర్ పరీక్షలు. మూత్ర పరీక్ష. ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, కడుపు స్కానింగ్. కళ్లు, చెవి, ముక్కు, గొంతు. అవసరాన్ని బట్టి మెదడు పనితీరు చూసే ఈఈజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా రాయొచ్చు. బరువు మరీ ఎక్కువైతే తగ్గించుకుని రమ్మని గడువిచ్చి పంపుతారు.

వినికిడికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆడియోమెట్రీలో 500, 1000, 2000 హెర్ట్జ్ దగ్గర 35 డెసిబెల్స్‌కు మించి, 3000 హెర్ట్జ్ దగ్గర 50 డెసిబెల్స్‌కు మించి లోపం ఉండకూడదు. ఊళ్లలో చాలామంది పిల్లలకు చిన్నప్పుడు చెవిలో చీము కారుతుంది. కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు. ఆ చిల్లు ఒక్కటే అయి, పొడిగా ఉంటే అంతమాత్రాన అన్‌ఫిట్ చేయాలని లేదు. చీము ఇంకా కారుతుంటే మాత్రం ముందు వైద్యం చేయించుకోవాలి. పైకి వెళ్లేటప్పుడు, కిందికి దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారుతుంది. ఆ మార్పును చెవి తట్టుకోగలగాలి.

ఫారంలో అసలు ఏం అడుగుతారు?

పరీక్షలన్నీ ఒక ఎత్తు, ఫారం ఒక ఎత్తు. ఇప్పటిదాకా వచ్చిన జబ్బులు, ఆపరేషన్లు, ఆసుపత్రిలో చేరిన సందర్భాలు, తలకు తగిలిన దెబ్బలు, స్పృహ తప్పడం, ఫిట్స్, ఆస్తమా, టీబీ, షుగర్, మానసిక సమస్యలు, వాడుతున్న మందులు, తాగుడు, పొగ అలవాట్లు, ఇంట్లో వాళ్ల జబ్బులు.. ఇవన్నీ ఉంటాయి. గతంలో పైలట్ మెడికల్‌కు వెళ్లారా, తిరస్కరించారా అన్నదీ చెప్పాలి. కింద అభ్యర్థి సంతకం పెడతాడు. ఆ సంతకంతో అది ప్రమాణ పత్రంగా మారుతుంది.

అనెక్స్-1 ఈ విషయంలో సూటిగా ఉంది. అభ్యర్థి తప్పుడు సమాచారం ఇచ్చాడని తేలితే ఆ సంగతి లైసెన్స్ ఇచ్చే సంస్థకు తెలియజేయాలి. అంటే అది డాక్టర్ గదిలోనే ఆగిపోయే విషయం కాదు. లైసెన్స్ సస్పెండ్ చేసే, రద్దు చేసే అధికారం డీజీసీఏకు ఉంది.

నాన్నకు షుగర్, అమ్మకు బీపీ అని రాస్తే ఏమవుతుందోనని భయపడేవారూ ఉంటారు. ఇంట్లోవారి జబ్బు కారణంగానే ఎవరినీ అన్‌ఫిట్ చేయరు. డాక్టర్ ఎక్కడ జాగ్రత్తగా చూడాలో తెలియడానికే ఆ ప్రశ్న.

ఏ జబ్బు ఉంటే ఏమవుతుంది..?

ఫిట్స్: మూర్ఛ వ్యాధి ఉందని నిర్ధారణ అయితే అన్‌ఫిట్. కారణం తెలియకుండా స్పృహ తప్పినా అంతే. కానీ రెండేళ్ల వయసులో జ్వరం ఎక్కువై ఒకసారి ఫిట్స్ రావడం మూర్ఛ వ్యాధి కాదు. ఆ తేడా చెప్పాల్సింది న్యూరాలజిస్టు. ఆయన రాసిచ్చే రిపోర్టే అభ్యర్థికి రక్ష. ఊళ్లో ఆర్‌ఎంపీ అప్పట్లో ఇచ్చిన చీటీ పోయినా సరే, జరిగింది జరిగినట్టు చెప్పడం మేలు.

టీబీ: ఊపిరితిత్తుల్లో టీబీ యాక్టివ్‌గా ఉంటే అన్‌ఫిట్. పూర్తిగా నయమై పాత మచ్చ మాత్రమే మిగిలితే ఫిట్ ఇవ్వొచ్చని అనెక్స్-1 చెబుతోంది. ఇప్పుడు ఆలోచించండి. ఫారంలో "టీబీ లేదు" అని రాసి, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే డాక్టర్ ఏమనుకుంటారు? జబ్బుకు మందుంది. పోయిన నమ్మకానికి మందు లేదు.

సికిల్ సెల్: మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం మండలాల్లో, భూపాలపల్లి అటవీ గ్రామాల్లో ఆదివాసీ కుటుంబాలున్నాయి. ఆదివాసీ సమాజాల్లో ఈ రక్త సమస్య ఎక్కువగా కనిపిస్తుంది. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో తెలంగాణ కూడా ఉంది. ఈ మిషన్ కింద 40 ఏళ్ల లోపువారికి పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఇందులో జబ్బు వేరు, వాహకులు వేరు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువే వచ్చిన వాహకులకు సాధారణంగా ఫిట్ ఇవ్వొచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. జబ్బు ఉన్నవారి సంగతి వేరు. ప్రయాణంలో విమానం లోపల గాలి 6 వేల నుంచి 8 వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నంత పలుచగా ఉంటుంది. తక్కువ ఆక్సిజన్‌లో వారికి నొప్పులు తిరగబెట్టే ప్రమాదం ఉంది. అందుకే కార్డు మీద ఏం రాసి ఉందో చూసుకోవాలి, దాన్ని చూపించాలి.

షుగర్: ఇన్సులిన్ మీద ఉంటే అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం అన్‌ఫిట్. ఆహార నియమాలతో గానీ, అనుమతి ఉన్న మాత్రలతో గానీ అదుపులో ఉంటే పరిశీలిస్తారు. వాడే ప్రతి మాత్ర రికార్డులో ఉండాలి.

కిడ్నీలో రాళ్లు: రాయి కదిలితే వచ్చే నొప్పి ఎలా ఉంటుందో అనుభవించినవారికే తెలుసు. గాల్లో ఉండగా అది వస్తే..? అందుకే రాయి సంగతి తేలేదాకా తాత్కాలికంగా ఆపొచ్చు. తీయించుకుని స్కానింగ్ రిపోర్టుతో మళ్లీ వెళ్లొచ్చు.

గర్భం: మహిళా పైలట్ల కెరీర్‌కు గర్భం అడ్డు కాదు. ఇబ్బందులు లేని గర్భమైతే 12వ వారం ముగిసిన దగ్గర్నుంచి 26వ వారం ముగిసేదాకా ఎగరడానికి అనెక్స్-1 వీలు కల్పిస్తోంది. దేశాన్ని బట్టి నిబంధన ఇంకా కఠినంగా ఉండొచ్చు.

మనసు: ఇక్కడే అందరూ ఎక్కువగా దాస్తారు. ఇంటర్‌లో ఒత్తిడి తట్టుకోలేక కౌన్సెలింగ్‌కు వెళ్లినా, కొన్నాళ్లు నిద్రమాత్రలు వాడినా "పిచ్చి ముద్ర పడుతుంది" అని ఇంట్లోవాళ్లే నోరు మూయిస్తారు. స్కిజోఫ్రెనియా లాంటి తీవ్రమైన వ్యాధులు వేరు, పరీక్షల టెన్షన్‌కు సాయం తీసుకోవడం వేరు. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నవారిని సైతం, పరిస్థితి ఎగరడానికి అడ్డు కాదని వైద్య నిపుణులు తేల్చితే ఫిట్ చేసే వెసులుబాటు అంతర్జాతీయ నిబంధనల్లో ఉంది. తోటి పైలట్ల సాయంతో నడిచే పీర్ సపోర్ట్ విధానాన్ని డీజీసీఏ కూడా 2023లో సూచించింది.

దాచితే ఏం జరుగుతుంది..? కోళికోడ్ చెప్పిన పాఠం

2020 ఆగస్టు 7. దుబాయ్ నుంచి 190 మందితో వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కోళికోడ్‌లో వానలో దిగుతూ రన్‌వే దాటి లోయలో పడింది. ఇద్దరు పైలట్లు సహా 21 మంది చనిపోయారు.

2021లో దర్యాప్తు సంస్థ ఏఏఐబీ తుది నివేదిక వచ్చింది. ప్రమాదానికి కారణం ల్యాండింగ్ నియమాలు పాటించకపోవడమేనని అందులో తేల్చారు. విమానం స్థిరంగా లేకపోయినా, మళ్లీ పైకి లేపమని పక్క పైలట్ చెప్పినా కమాండర్ ఆగలేదు. అయితే అదే నివేదిక ఇంకో మాటా చెప్పింది. డాక్టర్లు రాయని షుగర్ మందులు కూడా ఆయన వాడుతున్నారని, వాటివల్ల రక్తంలో చక్కెర కాస్త పడిపోయి నిర్ణయాలు తీసుకునే శక్తి సన్నగిల్లి ఉండొచ్చని పేర్కొంది.

ఆ మందులే విమానాన్ని కూల్చాయని ఎవరూ అనలేదు. కానీ మందుల చీటీలో లేని మాత్ర ఒక పైలట్ ఆలోచన మీద ఎంత ప్రభావం చూపగలదో ఆ నివేదిక దేశానికి గుర్తు చేసింది.

అప్పు భయం.. ఆల్ప్స్ కొండల్లో 150 ప్రాణాలు

2015 మార్చి 24న బార్సిలోనా నుంచి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్తున్న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలట్ కావాలనే ఆల్ప్స్ కొండలకు ఢీకొట్టాడు. విమానంలోని 150 మందీ చనిపోయారు. అతడు తీవ్రమైన మానసిక సమస్యతో డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నాడు. పనికి పనికిరాడని డాక్టర్ రాసిచ్చిన కాగితాన్ని సంస్థకు చూపించలేదు.

ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ బీఈఏ 2016లో ఇచ్చిన నివేదికలో చదవాల్సిన భాగం ఇంకోటి ఉంది. సమస్య బయటపెడితే ఎగిరే హక్కు పోతుందన్న భయం, డబ్బు పరంగా వచ్చే నష్టం.. ఇవి కూడా అతడు దాచడానికి కారణాలు కావచ్చని ఆ నివేదిక చెప్పింది. శిక్షణ కోసం అతడు కూడా అప్పు చేసినవాడే.

జబ్బున్న ప్రతి ఒక్కరూ ఇలా చేస్తారని కాదు. ఇది చాలా అరుదైన ఘటన. కానీ అప్పు చేసి చదివిన పైలట్‌కు నిజం చెప్పడం ఎంత కష్టమో ఇది చూపిస్తోంది. జనగామలో భూమి తాకట్టు పెట్టినా, జర్మనీలో బ్యాంకు లోన్ తీసుకున్నా ఆ భయం ఒక్కటే. అందుకే అప్పు కన్నా ముందు మెడికల్ జరగాలి. అప్పు లేనప్పుడు నిజం చెప్పడం సులువు.

ఏళ్లు గడిచాక కూడా దొరికిపోతారు

అమెరికాలో 2023లో దాదాపు 4,800 మంది పైలట్ల మీద విచారణ జరిగిన సంగతి వెలుగులోకి వచ్చింది. వీళ్లంతా మాజీ సైనికులు. అనారోగ్యం ఉందని ఒకవైపు ప్రభుత్వం నుంచి భృతి తీసుకుంటూ, పైలట్ మెడికల్ ఫారంలో ఆ విషయం రాయలేదన్నది అనుమానం. రెండు ప్రభుత్వ శాఖల రికార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బయటపడింది.

మన దగ్గరా ఆసుపత్రి రికార్డులు, ఇన్సూరెన్స్ క్లెయిములు ఒక్కొక్కటిగా ఆన్‌లైన్‌లోకి వస్తున్నాయి. ఈ రోజు ఎవరికీ తెలియని కాగితం, పదేళ్ల తర్వాత కూడా అలాగే ఉంటుందని అనుకోవడానికి లేదు.

కల్లు, దగ్గు మందు.. ఇవి కూడా లెక్కలోకే

2022 జనవరి 31 నుంచి విమానయాన సిబ్బందికి మత్తు పదార్థాల పరీక్షలు అమల్లోకి వచ్చాయి. ఫ్లయింగ్ స్కూళ్లు ట్రైనీ పైలట్‌ను చేర్చుకునే ముందు కూడా ఈ పరీక్ష చేయించాలి. గంజాయి, కొకైన్‌తో పాటు నిద్రమత్తు మందులైన బెంజోడయాజెపైన్స్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

ఇక్కడే మన ప్రాంతానికి ఒక హెచ్చరిక. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రాజోలం, డైజిపాం ఈ కోవలోవే. పండక్కి తాగిన కల్లు కల్తీదైతే టెస్టులో పాజిటివ్ వచ్చే ప్రమాదం ఉంది. "నాకు తెలియదు" అంటే రిపోర్టు మారదు.

డ్యూటీకి ముందు పైలట్లకు బ్రీత్ ఎనలైజర్ పరీక్ష ఉంటుంది. ఆల్కహాల్ ఉండే మౌత్‌వాష్, కొన్ని దగ్గు సిరప్‌లు, అరిష్టాలు, హోమియో చుక్కలు కూడా ఇబ్బంది తెచ్చిపెట్టొచ్చు. మందుల షాపులో అడిగి మాత్ర మింగే అలవాటును ట్రైనింగ్ మొదలవక ముందే మానుకోవాలి.

అన్‌ఫిట్ అంటే అంతా అయిపోయినట్టేనా?

కాదు. టెంపరరీ అన్‌ఫిట్ అంటే కారణం చెప్పి, సరిచేసుకుని రమ్మని గడువివ్వడం. బరువు, బీపీ, రాళ్లు, చెవి ఇన్ఫెక్షన్, ఈ మధ్యే జరిగిన ఆపరేషన్ లాంటివి ఎక్కువగా ఈ కోవలోకి వస్తాయి. పర్మనెంట్ అన్‌ఫిట్ అన్నా వెంటనే కుంగిపోవాల్సిన పనిలేదు. ఆ నిర్ణయంపై స్పెషలిస్టుల రిపోర్టులతో డీజీసీఏకు అప్పీలు చేసుకునే అవకాశం ఉంది. అయితే అప్పీలులో నిలబడేది కాగితాలు, మాట మీద నమ్మకం. మొదటి ఫారంలోనే అబద్ధం ఉంటే రెండోదానికి విలువ పోతుంది.

లైసెన్స్ వచ్చాక జబ్బు చేసినా ఇదే సూత్రం. ఆరోగ్యం దెబ్బతిందని తెలిసిన పైలట్ ఎగరకూడదు. పాత సర్టిఫికెట్‌కు గడువు మిగిలి ఉంది కదా అంటే కుదరదు. అలాంటి రోజు కోసమే లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ ఉంది. ఉద్యోగంలో చేరేటప్పుడు అది ఉందా, ఎంత వస్తుంది అని అడగడం తప్పు కాదు.

ఊరు దాటకుండానే ముందు చూసుకోవాల్సినవి

డీజీసీఏ మెడికల్‌కు ముందే సొంతంగా ఒకసారి పరీక్షలు చేయించుకోవడం తెలివైన పని. దీనికి హైదరాబాద్ దాకా వెళ్లక్కర్లేదు. మహబూబాబాద్‌లో 2022 నుంచి, జనగామ, భూపాలపల్లిలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ప్రభుత్వ ఆసుపత్రుల్లో రక్త, మూత్ర పరీక్షలు ఉచితం. కంటి విషయంలో లోతుగా చూపించుకోవాలంటే వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి, మిగతా విభాగాలకు ఎంజీఎం ఉన్నాయి. అయితే ఈ పరీక్షలు డీజీసీఏ సర్టిఫికెట్‌కు బదులు కావు. అభ్యర్థి తన పరిస్థితి తాను తెలుసుకోవడానికి మాత్రమే.

ముందుగా చూసుకోవాల్సినవి: చూపు, రంగుల గుర్తింపు, వినికిడి, బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, కడుపు స్కానింగ్. ఆదివాసీ కుటుంబాల పిల్లలైతే సికిల్ సెల్ పరీక్ష.

ఫైల్‌లో పెట్టుకోవాల్సినవి: ఆపరేషన్ జరిగితే డిశ్చార్జ్ సమ్మరీ, టీబీ కోర్సు పూర్తి చేసిన కాగితం, లేసిక్‌కు ముందు, తర్వాత రిపోర్టులు, పాత స్కానింగ్‌లు, ప్రస్తుతం వాడే మందుల చీటీ. చిన్నప్పుడు ఏం జరిగిందో అభ్యర్థికి గుర్తుండదు. కాబట్టి ఫారం నింపే ముందు అమ్మానాన్నలను, వీలైతే అమ్మమ్మ, నానమ్మలను కూర్చోబెట్టి అడగాలి. ఆసుపత్రిలో పడుకోబెట్టిన ప్రతి సందర్భం రాసుకోవాలి.

వరుస గుర్తుంచుకోండి..

ముందు ఊళ్లో సొంత పరీక్షలు. తర్వాత ఈజీసీఏలో నమోదు, క్లాస్-2. ఆ వెంటనే క్లాస్-1. రెండూ చేతికొచ్చాకే భూమి మాట, బ్యాంకు లోన్ మాట, ఫీజు మాట.

ముందే అన్‌ఫిట్ అని తెలిస్తే బాధ ఉంటుంది. కానీ భూమి మిగులుతుంది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్, డిస్పాచ్ లాంటి దారులు ఉంటాయి. వాటిలో కొన్నిటికి వేరే వైద్య ప్రమాణాలుంటాయి కాబట్టి అవీ ముందే చూసుకోవాలి. ఫిట్ అని తెలిస్తే మాత్రం.. దాచిన విషయమేదీ లేకుండా, ఏటా ధైర్యంగా డాక్టర్ ముందు కూర్చునే పైలట్ తయారవుతాడు. వెనక కూర్చునే ప్రయాణికులకు కావాల్సిందీ అలాంటి పైలటే.